చీకటి పడ్డాక ట్రాక్టర్లను రోడ్డెక్కనివ్వకూడదా? (ఆనందపురం–భీమిలి రోడ్డు)

తగరపువలస వాసి: వరికోతలు మొదలయ్యాయంటే ఆ రోడ్డులో రాత్రి బైకు తియ్యాలంటేనే భయం. పోయిన సంక్రాంతి ముందు మా బావగారు గడ్డి లోడు ట్రాక్టరు తొట్టిని వెనక నుంచి గుద్దేశారు. మలుపులో, రోడ్డు మీదే ఆపేసి ఉంది. ఎర్రలైటు లేదు, రేడియం స్టిక్కరు లేదు. భుజం ఎముక విరిగింది. చీకటి పడ్డాక ట్రాక్టర్లను నిషేధించాలంటాను.

పద్మనాభం రైతు: కళ్లంలో ధాన్యం ఉండగా మబ్బు పడితే పగలా రాత్రా అని చూస్తూ కూర్చుంటామా? మీ బావగారు ఎంత స్పీడులో ఉన్నారో మాత్రం రాయలేదు.

తగరపువలస వాసి: నలభై దాటలేదు. ప్రమాదం కలిగేలా రోడ్డు మీద బండి ఆపడం మోటారు వాహనాల చట్టం సెక్షన్ 122 కింద తప్పు. స్టిక్కరు అంటించడానికి ఏం అడ్డం?

మధురవాడ: ముందు లైసెన్సులు అడగండి. సగం మంది కుర్రాళ్లకి ఉండదు.

కోర్టు గుమస్తా: లైసెన్సు గురించి ఒక మాట. 7,500 కిలోల లోపు రవాణా బండికి ఎల్.ఎం.వి. (తేలికపాటి మోటారు వాహనాల) లైసెన్సు చాలని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల ధర్మాసనం చెప్పింది. అసలు లైసెన్సే లేనివాడికి బండి ఇస్తే సెక్షన్ 180 ఓనరు మీదకి వస్తుంది.

పద్మనాభం రైతు: నా తొట్టికి స్టిక్కరుంది. గడ్డి వేలాడితే కప్పేస్తుంది, బురద పడితే కనిపించదు. అయినా ఇది మా తాతల నాడు ఎడ్లబళ్లు తిరిగిన దారి. భోగాపురం ఎయిర్‌పోర్టు పేరు చెప్పి లేఅవుట్లు వేశాకే ఇన్ని బైకులొచ్చాయి.

తగరపువలస వాసి: లేఅవుట్లు నేను వేశానా? పొలాలు అమ్ముకున్నది మీ ఊరివాళ్లే కదా.

పద్మనాభం రైతు: మాట జాగ్రత్త! నేను సెంటు కూడా అమ్మలేదు. పక్కవాళ్లు అమ్మేశాక మా చేలకి పోయే బండి బాటకి అడ్డంగా ప్రహరీ కట్టేశారు. నా చేను నుంచి నా చేనుకి పోవాలన్నా ఇప్పుడు తారురోడ్డే దిక్కు. రాత్రిళ్లు రోడ్డెక్కాలని నాకేమైనా సరదానా?

తగరపువలస వాసి: ఈ మాట మొదటే చెప్పొచ్చు కదండీ. అయినా మా బావగారి భుజానికి ఆ ప్రహరీ సమాధానం చెప్పదు. లైటు పెట్టాల్సింది మీరే.

కూలి డ్రైవరు: ఇద్దరూ నా గురించి ఒక్క మాట అనలేదు. నేను ఓనరు బండి తోలతాను. ట్రాక్టరుకి రెండు బ్రేకు పెడళ్లు, ఒక్కో చక్రానికి ఒకటి. చేలో మలుపు తిప్పడానికి ఒకటే తొక్కుతాం. రోడ్డెక్కితే రెండూ కలిపి లాకు వెయ్యాలి. స్పీడులో ఒకటే పడిందా, బండి పక్కకి లాగేసి తిరగబడిపోద్ది. నేను తోలే దానికి ఆ లాకు పట్టీ విరిగింది. చెప్తే "చూసుకుని తోలు" అన్నారు. తొట్టికి బ్రేకులే లేవు. పల్లంలో లోడు వెనక నుంచి తోసేస్తది, అందుకే న్యూట్రల్ చెయ్యకుండా గేరులోనే దించుతాను. తొట్టి లైటు వైరు తెగిపోతే వచ్చే సీజనుకి చూద్దాం అన్నారు. ఎవరైనా గుద్దితే ఊరోళ్లు కొట్టేది నన్ను, ముందు స్టేషనుకి తీసుకెళ్లేది నన్ను. రాత్రి నిషేధం పెడితే పోయేది నా కూలి.

పద్మనాభం రైతు: అందరు ఓనర్లూ అలా ఉండరు తమ్ముడూ. డీజిలు రేటు పెరిగినంత గంట కిరాయి పెరగలేదు. మాకూ కష్టాలున్నాయి.

కూలి డ్రైవరు: ఉండొచ్చు బాబూ. వైరు మాత్రం మీరే వెయ్యాలి.

తగరపువలస వాసి: సరే, నిషేధం వద్దు. వైరూ లాకూ లేని బండి రోడ్డెక్కితే ఓనరు మీదే కేసు కట్టాలని పోలీసులకి అర్జీ రాస్తాను. రైతు గారూ, సంతకం పెడతారా?

పద్మనాభం రైతు: అందులో బండి బాట తెరిపించమని కూడా రాయండి, పెడతాను. డ్రైవరు తమ్ముడూ, మీ ఓనరుదే ఊరు? నేను మాట్లాడతాను.

కూలి డ్రైవరు: వద్దు బాబూ. చెప్తే రేపు నాకు పనుండదు.