శ్రావణంలో చెల్లి పెళ్లి: మండపానికి, చీరలకి ఏ రంగులు అనుకోమంటారు?

తణుకు_అక్క:

అందరికీ నమస్కారం. వచ్చే శ్రావణంలో మా చెల్లి పెళ్లి. తణుకులోనే కల్యాణ మండపం మాట్లాడేశాం. ముహూర్తం రాత్రి పది దాటాక. పెళ్లికూతుర్ని చేసేది మాత్రం మా ఇంటి ముందు పందిట్లో, పగటి పూట. రిసెప్షన్ మగపెళ్లివారు హైదరాబాదులో చేసుకుంటున్నారు కాబట్టి ఆ బాధ్యత మాది కాదు.

చెల్లి, కాబోయే మరిది ఇద్దరూ బెంగళూరులో ఉద్యోగాలు. వాళ్ళు కలిసి ఒక రంగుల పట్టీ తయారుచేసి నాకు పంపారు: ఉల్లిపొర గులాబి, బూడిద కలిసిన లేత ఆకుపచ్చ, క్రీమ్. మండపం, గుమ్మం, కుర్చీల గుడ్డలు, మా పిన్నుల చీరలు, అన్నీ ఆ మూడింట్లోనే ఉండాలని వాళ్ళ కోరిక. అది చూసిన దగ్గర్నుంచి అమ్మ ఒకటే మాట, "పసుపూ ఎరుపూ లేని పెళ్లి మండపం ఏమిటే?" అని. చెల్లిది న్యాయమైన కోరికే. వాళ్ళ పెళ్లి, వాళ్ళకి నచ్చినట్టు ఉండాలి. అమ్మది కూడా మొండితనం కాదు. ఇరవై ఏళ్ళుగా ఈ రోజు కోసం ఎదురుచూస్తోంది. నాన్నగారు ఎవరి పక్కా మాట్లాడరు. డెకరేషన్ వాళ్ళతో మాట్లాడే పని నాకే అప్పజెప్పారు.

నాకు అసలు టెన్షన్ వాన. గోదావరి జిల్లాల్లో శ్రావణం అంటే మీకు తెలుసుగా. లేత రంగులు ఆ బురదకి, ఆ తడికి ఆగుతాయా? అప్పుడు ఏ పూలు బాగుంటాయి? ముహూర్తం పట్టుచీర ఇంకా కొనలేదు, దానికి ఏ రంగు అనుకోవాలి? చెల్లి మనసు కష్టపెట్టకుండా, అమ్మకి వెలితి లేకుండా అయ్యే దారి ఉంటే చెప్పండి.

పూలపందిరి_కడియం:

అమ్మాయ్, మేం కడియం దగ్గర పందిళ్ళు, పూల పని చేస్తాం. చాలా పెళ్లిళ్ళలో ఈ పేచీ చూస్తుంటాను కాబట్టి కాస్త వివరంగా చెబుతాను.

ముందు మీ చేతిలో లేని రంగులు ఏవో చూసుకోండి. జీలకర్ర బెల్లం అయ్యాక కట్టుకునే మధుపర్కాలు తెల్లటి నూలు, ఎర్ర అంచు. తలంబ్రాల బియ్యం పసుపు. పసుపు కొమ్ములు, కొబ్బరిబొండం, మామిడి తోరణాలు, అరటి చెట్లు. ఎవరు ఏ పట్టీ పంపినా ఇవన్నీ పీటల దగ్గరికి వచ్చి తీరతాయి. ఫొటోలో పెళ్లికూతురికి దగ్గరగా ఉండేవి కూడా ఇవే. మిగతా అలంకారం వీటితో కలవాలి. ఇక్కణ్ణించి మొదలుపెడితే మీ అమ్మగారు అడిగిన పసుపు, ఎరుపు ఎలాగూ వచ్చేస్తాయి. వెనక గుడ్డకి కూడా అవే రంగులు వెయ్యాల్సిన పని ఉండదు.

మీ చెల్లి చెప్పిన క్రీమ్ బ్రహ్మాండంగా కలుస్తుంది, ఉంచెయ్యండి. బూడిద ఆకుపచ్చ పగలు బాగుంటుంది గానీ, రాత్రి పసుపు లైట్ల కింద మట్టి పట్టినట్టు కనపడుతుంది. దాని బదులు నిజం ఆకులే పెట్టించండి: అల్లిన కొబ్బరి మట్టలు, అరటి, కుండీ మొక్కలు. శ్రావణంలో ఆకుకి మించిన అందం లేదు. పూవు వానకి పాడవుతుంది, ఆకు వానకి ఇంకా నిగనిగలాడుతుంది. మా నర్సరీల వైపు కుండీలు అద్దెకిచ్చే వాళ్ళుంటారు, ముందుగా అడిగి పెట్టుకోండి. ఉల్లిపొర గులాబిని పసుపు పక్కన పెడితే అది వెలవెలబోతుంది. గులాబి తప్పకుండా ఉండాలంటే తామరపువ్వు గులాబికి వెళ్ళండి, పసుపు పక్కన కూడా నిలబడుతుంది. మీ చెల్లి అడిగిన దానికి దూరం కూడా కాదు.

ఇక పూలు. మల్లెలు వేసవివి, శ్రావణానికి తగ్గుముఖం పడతాయి. జడకి సన్నజాజులు, కనకాంబరాలు చూడండి. బంతి, చామంతి బాగా వచ్చేది చలికాలంలో. శ్రావణంలో కూడా దొరుకుతాయి. కానీ తడిసిన బంతి నీళ్ళు పట్టి బరువెక్కి, దండలోనే కుళ్ళడం మొదలుపెడుతుంది. అందుకని గుమ్మం బయట బంతి దండలు వద్దు, లోపల కప్పు కింద వేయించండి. లిల్లీ దండలు కూడా తడి తగిలితే గోధుమరంగు మచ్చలు పడతాయి. ఇంకో ముఖ్యమైన మాట. వరలక్ష్మీ వ్రతం, అంటే శ్రావణ పౌర్ణమికి ముందు వచ్చే శుక్రవారం. ఆ ముందు రెండు మూడు రోజులు కడియపులంక మార్కెట్లో పూల ధర చెప్పడానికి ఉండదు. మీ ముహూర్తం ఆ వారంలో పడితే పూలు పీటల చుట్టూ మాత్రమే పెట్టుకుని, మిగతాదంతా ఆకులతో కానిచ్చెయ్యండి.

గుమ్మంలో, నడిచే దారిలో క్రీమ్ గుడ్డ వెయ్యనివ్వకండి. వాళ్ళు వేస్తామనే అంటారు. పది మంది తడి కాళ్ళతో నడిస్తే అయిపోయింది. అక్కడ ముదురు ఆకుపచ్చ గానీ, మెరూన్ గానీ వేయించండి.

మగ్గం_ఇంటి_కోడలు:

అక్కా, మాది ధర్మవరం, అత్తగారింట్లో మగ్గాలున్నాయి. చీర గురించి మాత్రం చెబుతాను.

వానాకాలం పెళ్లికి మరీ లేత రంగు పట్టు వద్దు. పట్టు మీద నీటి చుక్క పడి ఆరితే మరక కనపడుతుంది, లేత రంగులో ఇంకా బాగా కనపడుతుంది. పడుగు (నిలువు దారం) ఒక రంగు, పేక (అడ్డ దారం) ఒక రంగు వేసి నేసే చీరలు మా ఊళ్ళో ఎప్పట్నించో ఉన్నాయి, షాపుల్లో డబుల్ షేడ్ అంటారు. గులాబి పడుగులో పసుపు పేక వేస్తే మడత తిరిగిన చోటల్లా రంగు మారుతుంది. మీ చెల్లి గులాబి, అమ్మ పసుపు ఒకే చీరలో వచ్చేస్తాయి. అంచు ఆకుపచ్చ తీసుకుంటే మండపంలో ఆకులకి కూడా కలుస్తుంది.

ముహూర్తం రాత్రి కాబట్టి షాపు లోపలి తెల్ల లైటులో చూసి తీసుకోవద్దు. ఒకసారి గుమ్మం దగ్గరికి తెచ్చి పగటి వెలుగులో చూడండి, ఒకసారి పసుపు బల్బు కింద చూడండి. రెండు చోట్లా నచ్చితేనే బిల్లు వేయించండి. పెళ్లి అయ్యాక చీరని తడితో మడత పెట్టకుండా నీడలో ఆరేసి, నూలు గుడ్డలో చుట్టి పెట్టండి. చెమ్మకి జరీ నల్లబడుతుంది.

వరంగల్_కెమెరా:

నమస్తే మేడం. పెళ్లి ఫొటోలు తీస్తాను. రంగులన్నీ మంచిగ ఎంచుకున్నాక లైట్ల దగ్గర పాడైపోవడం చాలా చూస్తుంటాను. స్టేజి పక్కన ఊదా, నీలం పార్ లైట్లు (రంగు వెలుగు చిమ్మే స్టేజి లైట్లు) పెడతారు. తెల్ల మధుపర్కం మీద ఆ ఊదా పడితే మధుపర్కం ఊదాగానే వస్తుంది, మొహాలు కూడా అంతే. ముహూర్తం నుంచి తలంబ్రాలు అయ్యేదాకా రంగు లైట్లు ఆపెయ్యాలని డెకరేషన్ వాళ్ళకి ముందే చెప్పండి, వీలైతే కాగితం మీద రాయించండి. మండపం మొత్తం ఒకే రకం లైట్లు ఉండాలి, 3000 కెల్విన్ దగ్గరి వార్మ్ (పసుపు ఛాయ) లైట్లయితే పసుపు, ఎరుపు, బంగారం నిండుగా వస్తాయి. సగం పసుపు, సగం తెలుపు పెడితే ఏ రంగూ సరిగా రాదు. అడ్డుతెర బొమ్మలు లేకుండా సాదాగా ఉంటే ఇంకా మంచిది.

విశాఖ_పిన్ని:

అమ్మా, చుట్టాలందరికీ ఒకే రంగు కట్టమని మాత్రం చెప్పకండి. అందరి దగ్గరా ఉన్న పట్టుచీరలు ఉంటాయి, మీరు రంగు చెబితే పాపం కొత్తది కొనుక్కోవాలి. చెప్పలేక ఇబ్బంది పడేవాళ్ళు ఉంటారు. పెళ్లికూతురి ముహూర్తం చీర రంగు ఏమిటో చెప్పి, ఆ ఒక్కటీ వదిలెయ్యమనండి, చాలు. చెల్లి కోరిక తీరాలంటే పెళ్లికూతుర్ని చేసే రోజు మీ అక్కాచెల్లెళ్ళు, వదినలు నలుగురైదుగురు చెల్లి చెప్పిన లేత రంగుల్లో నూలు చీరలు కట్టుకోండి. మంగళగిరి నూలులో ఆ ఉల్లిపొర రంగు చక్కగా దొరుకుతుంది, తడిసినా బెంగ లేదు.

తణుకు_అక్క:

అందరికీ చాలా చాలా ధన్యవాదాలు. రాత్రి చెల్లికి, అమ్మకి కలిపి వీడియో కాల్ చేసి మొత్తం చదివి వినిపించాను. పీటల దగ్గర సామాన్ల రంగుల గురించి కడియం ఆంటీ రాసింది విన్నాక చెల్లి పట్టీ తీసి, తనే బూడిద ఆకుపచ్చ కొట్టేసింది. క్రీమ్, ఆకులు, తామర గులాబి ఖాయం. విశాఖ పిన్నిగారి మాట అమ్మకి బాగా నచ్చింది. పెళ్లికూతుర్ని చేసే రోజంతా చెల్లి ఇష్టమే. గులాబి, పసుపు డబుల్ షేడ్ చీర అనగానే ఇద్దరూ ఒకేసారి "అదే" అన్నారు, నాకు ప్రాణం లేచొచ్చింది.

ఒక్క సందేహం మిగిలింది. తామరపూలు నిజంవే పెట్టించవచ్చా ఆంటీ? రాత్రికి ముడుచుకుపోవూ?

పూలపందిరి_కడియం:

ముడుచుకుంటాయి అమ్మా, అందుకే మేం మొగ్గలు తెప్పించి పై రేకులు చేత్తో వెనక్కి మడిచి పెడతాం. అలా మడిచినవి ఆ పూటకి బాగానే ఆగుతాయి. పీటల ముందు ఇత్తడి గంగాళంలో నీళ్ళు పోసి ఓ పాతిక వేస్తే చాలు, గోడంతా అక్కర్లేదు. మడిచే పని మధ్యాహ్నం కాకుండా సాయంత్రం మొదలుపెట్టమని మీ డెకరేషన్ అబ్బాయికి చెప్పండి. ముందే మడిస్తే ముహూర్తానికి రేకుల అంచులు నల్లబడతాయి.