శ్రీరంగపట్నం ముట్టడి స్థలాన్ని గైడుతో ఏ వరుసలో చూడాలి?

ప్రశ్న (విజయనగరం):
వేసవి సెలవుల్లో అమ్మానాన్నలతో మైసూరు వెళ్తున్నాము. అక్కడికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో ఉన్న శ్రీరంగపట్నంలో 1799లో టిప్పు సుల్తాను కోటను ఆంగ్లేయులు ముట్టడించిన చోట్లను గైడు సాయంతో చూడాలని ఉంది. చరిత్ర అధ్యాపకుడిగా పనిచేసిన నాన్నగారికి మహళ్ల కన్నా యుద్ధం నడిచిన తీరు మీదే ఆసక్తి. ఒక్క పూటలో ఏవి చూడవచ్చో దయచేసి చెప్పండి.

సమాధానం (శ్రీకాకుళం):
మా గైడు టిప్పు వేసవి మహలు ఉన్న దరియా దౌలత్ తోటతో మొదలుపెట్టబోతే, ముందుగా కోట పడమటి వైపు తీసుకెళ్లమని కోరాము. మీరూ అలాగే చేయండి. ఫిరంగులు గోడకు గండి కొట్టిన వాయవ్య మూలన స్మారక స్తంభం ఉంది. జూన్‌లో వానలు మొదలై కావేరి పొంగితే ముట్టడి సాగదు కనుక, ఆంగ్లేయ సేనాపతి జనరల్ హారిస్ మే 4న, నది పలచబడి ఉండగానే, మధ్యాహ్నం వేళ సైన్యాన్ని నీళ్లలోకి దింపాడు. ఇప్పుడు ఎగువన కృష్ణరాజసాగర్ ఆనకట్ట ఉన్నా, వేసవిలో ఆ రాళ్ల నదిని చూస్తే ఆ తొందర ఎందుకో బోధపడుతుంది. గండి ఎక్కిన సైన్యం రెండుగా చీలి ఉత్తర, దక్షిణ గోడల మీదుగా సాగింది. మీరు ఉత్తరపు దారి పట్టండి. టిప్పు సుల్తాను దేహం దొరికిన చోటు అటే ఉంది.

సమాధానం (బొబ్బిలి):
పై వరుస సరైనదే. దానికి ఆంగ్లేయ ఖైదీలను ఉంచిన బెయిలీ చెరసాలను కలపండి. 1780లో మైసూరు సైన్యం ఆంగ్లేయుల మీద గెలిచిన పొల్లిలూరు యుద్ధంలో పట్టుబడి, శ్రీరంగపట్నంలోనే 1784 వరకు బందీగా ఉన్న ఆంగ్లేయ సైనికాధికారి డేవిడ్ బెయిర్డే 1799లో ఆఖరి దాడికి నాయకత్వం వహించాడు. ఆ పొల్లిలూరు యుద్ధాన్నే దరియా దౌలత్ గోడ మీద చిత్రించారు కాబట్టి దాన్ని చివరికి ఉంచుకుంటే కథ అతుకుతుంది. ఆంగ్లేయులకు తోడుగా వచ్చిన నిజాం సైన్యం ఏ వైపు నిలిచిందో కూడా గైడును అడగండి. 1757లో ఫ్రెంచి సేనాని బుస్సీ ఫిరంగులకు, విజయనగరం సేనకు ఎదురు నిలిచిన కోట మాది; ముట్టడి వేసినవారి పక్కన మనవాళ్లెవరు ఉన్నారన్నది మాకు ఎప్పుడూ ముఖ్యమైన ప్రశ్నే.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలండీ. నాన్నగారు ఎండకు తాళలేరు కనుక గండి, ఉత్తర గోడ పొద్దున్నే చూసి, దరియా దౌలత్‌ను ఎండ ముదిరాక పెట్టుకుంటాము.