ఆకుల్లో దాక్కునే పిట్టలను కూతతో గుర్తుపట్టడం ఎలా?

నాలుగు నెలలుగా రోజూ పొద్దున్నే పక్షులను చూడటానికి వెళ్తున్నాను. ఇందులో ఇంత ఆనందం ఉంటుందనుకోలేదు. మొన్న ఒక లకుముకి పిట్ట నీళ్లలోకి దూకి చేపతో పైకి లేచి, దాన్ని కొమ్మకేసి రెండు మూడుసార్లు కొట్టి మింగింది. ఊపిరి బిగబట్టి చూశాను. ఆ రోజంతా అదే కళ్లముందు కదిలింది.

కొంగలు, వడ్రంగి పిట్టలను సులువుగానే గుర్తుపడుతున్నాను. చిక్కంతా ఆకుల మధ్య తిరిగే వార్బ్లర్లనే చిన్న పిట్టలతోనే. దాదాపు అన్నీ ఒకే ఆకుపచ్చ, గోధుమ రంగు కలగలుపు. క్షణం కుదురుగా ఉండవు. కంటిపై గీత, రెక్క మీద పట్టీ చూడమంటారు. నా 8×42 (8 రెట్లు పెద్దగా చూపే, ముందు కటకం 42 మి.మీ. ఉన్న) బైనాక్యులర్స్ ఫోకస్ చేసేలోపే ఎగిరిపోతాయి. 10×కి మారితే చెయ్యి వణుకు ఇంకా తెలుస్తుంది, కనిపించే పరిధి కూడా తగ్గుతుంది కదా?

మెర్లిన్ యాప్ కూత విని పేరు చెబుతుంది. కానీ నా చెవితోనే గుర్తుపట్టాలని నా కోరిక. అనుభవం ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి, మీరు కూతలు ఎలా నేర్చుకున్నారు? ఒక్కో పిట్టనే వారాల తరబడి వినాలా, లేక రెండు మూడింటిని పోల్చుకుంటూ వినాలా? పిట్టల దగ్గర రికార్డింగులు ప్లే చేయడం మాత్రం వద్దు, గూడు కట్టే కాలంలో వాటికి టెన్షన్ పెట్టడం నాకు ఇష్టం లేదు.