అప్‌డేట్: పడమటి కిటికీకి నానో కోటింగ్ వేయించాక

పడకగది పడమటి కిటికీకి నానో సెరామిక్ కోటింగ్ (వేడిని ఆపడానికి అద్దానికి వేసే సన్నని పూత) వేయిస్తే గది చీకటైపోతుందా, వేడి నిజంగా తగ్గుతుందా అని ఇక్కడ అడిగాను కదా. అది కాదు, కిటికీకి బయట నీడ వేయమని కొందరు చెప్పారు. వేయించి రెండు నెలలైంది.

చీకటి కాలేదు. పుస్తకం లైటు వేయకుండానే చదువుకుంటున్నాను. ఎండ శక్తిలో దాదాపు సగం కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్‌లో, అంటే 700 నానోమీటర్లు దాటిన తరంగాల్లో ఉంటుంది. సీజియం టంగ్‌స్టన్ ఆక్సైడ్ లాంటి నానో రేణువులు ఎక్కువగా దాన్నే పీల్చుకుని, వెలుగును చాలావరకు వదిలేస్తాయి. వెలుగు తరంగం కంటే బాగా చిన్నవి కాబట్టి అద్దం మసకబారదు కూడా.

కానీ పీల్చుకున్న వేడి ఎక్కడికి పోతుంది? సాయంత్రం నాలుగింటికి అద్దం మీద అరచెయ్యి పెడితే చురుక్కుమంది. అందులో కొంత గదిలోకే వస్తుంది. మాది ఒంటి అద్దం కాబట్టి ఫర్వాలేదు. డబుల్ గ్లేజింగ్ (మధ్యలో ఖాళీతో రెండు అద్దాలు) అయితే ఆ వేడికి అద్దం పగిలే ప్రమాదం ఉంది, తయారీదారుని అడక్కుండా వేయించకండి.

నేను చేసిన పొరపాటు ఒకటి చెప్పాలి. కోటింగ్ అమ్మేవాళ్లు ఇన్‌ఫ్రారెడ్ ల్యాంపు ముందు చెయ్యి పెట్టించి చూపిన డెమోకి పడిపోయాను. ఆ ల్యాంపులో వెలుగు వాటా తక్కువ, ఎండ అలా ఉండదు; ఎండలోని వెలుగును కోటింగ్ వదిలేస్తుంది, దాని వేడీ లోపలికి వస్తుంది. అడగాల్సింది సోలార్ హీట్ గెయిన్ కోఎఫిషియంట్, అంటే కిటికీ మీద పడ్డ ఎండ వేడిలో ఎంత వంతు గదిలోకి వస్తుందో చెప్పే అంకె. అది 0 నుంచి 1 లోపు ఉంటుంది, ఎంత తక్కువైతే అంత మంచిది. నాకది బిల్లు కట్టాక తెలిసింది.

బయట నీడ వేయమని చెప్పినవాళ్లదే కరెక్ట్. వచ్చే నెల వెదురు తెర కడుతున్నాను.