సమస్య: ఆట గెలిచితి మెవ్వరు నాడకుండ

నిర్వహణ (డాలస్ దగ్గరి ఫ్రిస్కో): ఈ వారం సమస్య, అంటే మీరు పద్యం పూరించవలసిన పాదం, నాలుగు పాదాల తేటగీతి ఛందస్సులోని చివరి పాదం; ఎవ్వరూ ఆడకుండానే ఆట గెలిచామన్నది అందులోని చిక్కు. మొన్న శనివారం మైదానం పక్కన కారులో కూర్చుని ఉండగా నాకు తట్టింది. మా అబ్బాయి పదేళ్ళలోపు పిల్లల సాకర్ జట్టులో ఉన్నాడు. ఈ వయసువారికి జట్టుకు 7 గురే మైదానంలో ఆడతారు. ఆట ఉదయం 9 గంటలకు మొదలు కావాలి. ఉరుము వినబడితే అందరూ మైదానం విడిచి వెళ్ళాలని, చివరి ఉరుము తరువాత 30 నిమిషాలు గడిచేదాకా ఎవరూ తిరిగి అడుగు పెట్టరాదని, మధ్యలో మరొక్కసారి ఉరిమినా లెక్క మళ్ళీ మొదటికి వస్తుందని ఇక్కడి తల్లిదండ్రులందరికీ తెలిసినదే. ఆ ఉదయం మూడుసార్లు మొదటికి వచ్చి, చివరకు ఆట వాయిదా పడింది. డాలస్ చుట్టుపక్కల ఏప్రిల్, మే నెలల్లో ఇది వింత కాదు. పూరణలో వాన, పిల్లల ఆట రెండూ ఉండాలి.

ప్లానో సభ్యురాలు: అండీ, 'ఆ'కూ 'నా'కూ యతి (పాదం మొదటి అక్షరానికీ మధ్యలోని అక్షరానికీ కుదరవలసిన పోలిక) ఎలా చెల్లింది?

నిర్వహణ: 'ఎవ్వరును + ఆడకుండ' అని విడదీయండి, అమ్మా. సంధిలో కలిసిపోయిన 'ఆ'కారమే యతికి లెక్క. ముందున్న నకారాన్ని పట్టించుకోనక్కరలేదు.

ఇర్వింగ్ సభ్యుడు: నా ప్రయత్నం.

ఉఱుము వినఁబడ రెఫరియే యూదె నీల
కారులో నరగంటయుఁ గదలకుండఁ
దినుచుఁ బులిహోర పద్యాల తీపి నంది
యాట గెలిచితి మెవ్వరు నాడకుండ

నిర్వహణ: గణాలు (లఘుగురువుల కూర్పు), యతులు సరిపోయాయి. 'రెఫరియే' అన్నచోట ఏకారం గణం కోసమే వచ్చింది. 'ఉఱుము వినఁబడఁ బెద్దగా నూదె నీల' అంటే చాలు, రెఫరీ సంగతి ఈలే చెబుతుంది. అసలు లోటు మరొకటి ఉన్నది. కారులో పులిహోర తిన్నారు, పద్యాలు చదువుకున్నారు, బాగుంది; కాని గెలిచిన ఆట ఏది? సమస్యలోని చిక్కు విడిపోకుండా నాలుగవ పాదం దాకా అలాగే వచ్చింది.

ఇర్వింగ్ సభ్యుడు: పిల్లలతో గడిపిన ఆ గంటే గెలుపు అని నా ఉద్దేశం.

నిర్వహణ: ఉద్దేశం మీ మనసులో ఉన్నది, పద్యంలో లేదు.

ప్లానో సభ్యురాలు: మా అమ్మాయి జట్టుకు పోయిన సంవత్సరం నిజంగా జరిగినదే రాశాను.

వాన కోడిన యవతలివారు గడప
దాటకుండిరి మావారు తడిసి నిలువ
గెలుపు మీదని పలికిరి గీఁత చెంత
నాట గెలిచితి మెవ్వరు నాడకుండ

నిర్వహణ: ఇది పూరణ. మొదలు కాకముందే వాతావరణం వల్ల రద్దయిన ఆటకు సాధారణంగా మరొక రోజు ఇస్తారే గాని ఎవరికీ గెలుపు రాయరు. మైదానం తెరిచే ఉన్నా ఒక జట్టు రానప్పుడు రెండవ జట్టుకు గెలుపు దక్కుతుంది. ఉరుము లేని ఉత్త వాన కాబట్టి ఆట ఆగలేదనీ, అవతలివారే జడిసి ఇల్లు కదలలేదనీ మొదటి రెండు పాదాల్లోనే సూచించారు. 'వాన కోడిన' (వానకు ఓడిన) అన్న మాటలో ఆడకముందే ఓడినవారి సంగతి కూడా వచ్చింది. 'మావారు' మాత్రం మా జట్టువారు అనీ, నా భర్త అనీ రెండు అర్థాలను చూపిస్తున్నది.

ప్లానో సభ్యురాలు: రెండూ నిజమేనండీ! శిక్షకుడు మావారే. ఆ రోజు వారి బూట్ల అడుగున గుబ్బల మధ్య ఇరుక్కున్న నల్లమట్టిని నేను చెంచా కాడతో తవ్వి తీయవలసి వచ్చింది.

గుంటూరు మాస్టారు: అమ్మా, అది మా ఊరి నల్లరేగడికి చుట్టమే. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలు విచ్చే నేల అక్కడా ఇక్కడా ఉన్నది. మా అబ్బాయి ఇంటికి వచ్చినప్పుడు చూశాను. చెప్పు ఊడి మట్టిలోనే నిలబడింది. ఇక సమస్య సంగతి. అందరూ 'ఆడు' అంటే ఆట ఆడటమనే అనుకున్నారు. ఆడిన మాట తప్పరాదు అంటాం కదా, పలకడమనే ఆ 'ఆడు'ను పట్టుకున్నాను. పిల్లవాడు చెబుతున్నట్లు చదవండి.

పిడుగు పడునని కారులో బిక్కుమనఁగ
నొకఁడు పలికిన నోటమి యూరకుంద
మనుచు నమ్మయె పందెము నపుడు పెట్ట
నాట గెలిచితి మెవ్వరు నాడకుండ

నిర్వహణ: మాస్టారూ, చిక్కు ఒక్క క్రియలోనే విడిపోయింది. వెనుక సీటులో ముగ్గురు పిల్లలు నోళ్ళు బిగించి, ఒకరినొకరు మోచేతులతో పొడుచుకుంటున్న దృశ్యం కంటికి కట్టింది. 'అమ్మయె' దగ్గర ఏకారాన్ని ఇర్వింగ్ వారికి తప్పు పట్టి మీకు విడిచిపెడితే న్యాయం కాదు కాబట్టి, దానిని కూడా లెక్కలో వేస్తున్నాను.

గుంటూరు మాస్టారు: వేయండి, ఒప్పుకుంటాను. కారులో ఉంటే భయం లేదని పిల్లలకు చెప్పేటప్పుడు రబ్బరు చక్రాలు కాపాడతాయని మాత్రం చెప్పకండి. కాపాడేది చుట్టూ ఉన్న లోహపు కప్పు. పిడుగు దాని మీదుగానే నేలలోకి దిగిపోతుంది.

నిర్వహణ: వాయిదా పడిన ఆట ఈ ఆదివారం సాయంత్రం 4 గంటలకు మొదలై, 20 నిమిషాలకే మళ్ళీ ఉరిమింది. మాస్టారి పందెం మా కారులో పెట్టి చూశాను. పిల్లలిద్దరూ గెలిచారు. పులిహోర డబ్బా ఎక్కడున్నదని అడిగి నేనే ఓడిపోయాను.