ప్రకటన గ్రంథంలో తీర్పు: నిప్పు ఎంతకాలం, ఎవరి మీద?

గోదారి గట్టు
అందరికీ వందనాలు. మొన్న మా ఊరి కూటాల్లో ప్రసంగీకుడు బైబిలు చివరి పుస్తకమైన ప్రకటన గ్రంథంలో 20వ అధ్యాయం ఎత్తుకున్నారు. ధవళ సింహాసనం, విప్పిన గ్రంథాలు, జీవగ్రంథంలో పేరు లేనివాళ్లను అగ్నిగుండంలో పడవేయడం. రాత్రి ఇంటికి వచ్చాక ఎనిమిదేళ్ల మా మేనకోడలు కంచం ముందు కూర్చుని, "అత్తా, తాతయ్య బాప్తిస్మం తీసుకోలేదుగా, ఇప్పుడు కాలుతున్నాడా?" అని అడిగింది. నాకు ముద్ద గొంతు దిగలేదు. ఆ అధ్యాయం చెప్పేది నిజంగా ఇదేనా?

పాత బైబిలు
అమ్మా, ముందుగా ఒక మాట. చనిపోయినవాళ్లు సింహాసనం ముందు నిలబడేది అంతంలో. తాతయ్య ఇప్పుడు కాలుతున్నాడని ఆ అధ్యాయంలో లేదు. ఆ తీర్పు ఇచ్చే అధికారం ప్రసంగీకుడికీ లేదు. కానీ నరకం ఉందా, అది నిత్యమా అంటే వాక్యం తేటగానే ఉంది. ప్రకటన 14:11లో వారి బాధ తాలూకు పొగ యుగయుగాలు లేస్తుందని ఉంది. మత్తయి 25:46లో నిత్యశిక్ష, నిత్యజీవం ఒకే వాక్యంలో పక్కపక్కన ఉన్నాయి. జీవం నిత్యమైతే శిక్ష కూడా నిత్యమేనని సంఘ పండితుడు అగస్టీను ఐదవ శతాబ్దంలోనే వాదించాడు. రాసినదాన్ని రాసినట్టు చదువుకుంటే గొడవ లేదు.

లెక్కల మాస్టారు
అన్నా, రాసినది రాసినట్టే అంటే 5వ అధ్యాయంలో గొర్రెపిల్లకు, అంటే క్రీస్తుకు, ఏడు కొమ్ములు, ఏడు కళ్లు ఉన్నాయి. దాన్నీ అలాగే చదువుతారా?

ఆ పొగ సంగతి చూడండి. అది ప్రకటన రాసిన యోహాను సొంత మాట కాదు, యెషయా 34 నుంచి తెచ్చుకున్నది. అక్కడ ఎదోము దేశం కాలుతుంది, రేయింబవళ్లు ఆరదు, పొగ నిత్యం లేస్తుంది. సరే. మరి ఆ వెంటనే అదే అధ్యాయంలో గుడ్లగూబలు, కాకులు అక్కడ కాపురం పెడతాయి, నగరుల్లో ముళ్లచెట్లు మొలుస్తాయి. ఆరని మంటలో ముళ్లచెట్టు ఎలా మొలుస్తుంది? "పూర్తిగా నాశనమైంది, మళ్లీ లేవదు" అని చెప్పడానికి ప్రవక్తలు వాడే భాష అది. పైగా 20:14లో మరణాన్నీ పాతాళాన్నీ కూడా అదే గుండంలో పడవేశారు. మరణానికి ఒళ్లు మంటపుడుతుందా? దానికి "రెండవ మరణము" అని పేరు పెట్టింది గ్రంథమే. మరణం అంటే ముగింపు అనే నేను చదువుకుంటాను. ఏడవ దిన ఆరాధకులైన అడ్వెంటిస్టులూ అలాగే చెబుతారు.

పాత బైబిలు
మాస్టారూ, 20:10ని తెలివిగా దాటేశారు. సాతాను, మృగం, అబద్ధ ప్రవక్త రాత్రింబవళ్లు యుగయుగాలు బాధింపబడతారని ఉంది. పోనీ, వాళ్లు మనుషులు కారంటారా? 14:11లో నెమ్మది లేనిది మృగానికి మొక్కినవాళ్లకే, అంటే మనుషులకే.

లెక్కల మాస్టారు
ఒప్పుకుంటాను. 14:11లో పొగ గురించి చెప్పగలిగాను కానీ నెమ్మది లేకపోవడం గురించి నా దగ్గర పూర్తి జవాబు లేదు.

దారిన పోయేవాడు
నేను క్రైస్తవుణ్ణి కాను, కుతూహలం కొద్దీ ఈ గ్రంథం చదివాను. శిక్ష ఎంతకాలం అన్నది పక్కన పెట్టండి. 14:20లో దేవుని కోపం అనే ద్రాక్షగానుగ నుంచి రక్తం గుర్రాల కళ్లేల ఎత్తున నూరు కోసుల దూరం పారుతుంది. గ్రీకులో 1,600 స్టాడియాలట, అంటే సుమారు 300 కిలోమీటర్లు. ప్రేమ గురించి అంత మాట్లాడే మతంలో ఈ నెత్తురు ఏమిటి? చదవగానే నాకు కక్ష తీర్చుకున్నట్టే అనిపించింది.

పద్దుల పుస్తకం
ఇంతసేపూ నిప్పు ఎంతకాలం మండుతుందనే మాట్లాడారు. ఎవరి మీద అని ఒక్కరూ అడగలేదు.

నేను టోకు కిరాణా దుకాణంలో పద్దులు రాస్తాను. అందుకేనేమో ఈ గ్రంథంలో నా కన్ను మొదట పడింది 18వ అధ్యాయం మీద. బబులోను అనే మహా నగరం తగలబడుతుంటే ఏడ్చేది ఎవరు? రాజులు, వర్తకులు, ఓడల వాళ్లు. వర్తకుల ఏడుపు మరీ విచిత్రం: "మా సరుకు ఇక కొనేవాడు లేడు" అని. వెంటనే సరుకుల పట్టీ వస్తుంది. బంగారం, వెండి, రత్నాలు, ముత్యాలు. సన్నపు నారబట్టలు, ఊదా బట్టలు, పట్టు. దంతపు సామాను, ఇత్తడి, ఇనుము, చలువరాయి. దాల్చినచెక్క, సాంబ్రాణి, ద్రాక్షారసం, నూనె, మెత్తని పిండి, గోధుమలు. పశువులు, గొర్రెలు, గుర్రాలు, రథాలు. అన్నిటికన్నా అడుగున, గుర్రాలు రథాల తర్వాత, దాసులు, మనుషుల ప్రాణాలు.

పట్టీలో మనం విలువైన సరుకు పైన రాస్తాం, చిల్లర కింద. యోహాను రాసిన పట్టీలో మనుషులు ఎక్కడ ఉన్నారో చూడండి. 17:9లో ఏడు కొండల మాట ఉంది కాబట్టి ఆ నగరం రోమేనని ఎక్కువమంది పండితులు చదువుతారు. ఈ గ్రంథం రోము చక్రవర్తి దొమిషియన్ పాలన చివర్లో, అంటే క్రీ.శ. 96కు కాస్త ముందు, వెలువడిందని రెండవ శతాబ్దపు సంఘ పెద్ద ఇరేనియస్ రాశాడు. చదివించుకున్నవాళ్లు ఎఫెసు, స్ముర్న లాంటి ఏడు ఊళ్ల చిన్న సంఘాలు.

6:6 కూడా అలాంటిదే. దేనారానికి ఒక సేరు గోధుమలు, లేదా మూడు సేర్ల యవలు. నూనెనూ ద్రాక్షారసాన్నీ మాత్రం పాడుచేయవద్దు. దేనారం అంటే కూలివాడి రోజు కూలి, మత్తయి 20లో ద్రాక్షతోట యజమాని ఇచ్చినంత. రోజంతా ఒళ్లు వంచితే ఒక్క మనిషి తిండి. ఇంట్లో నలుగురుంటే ఏం చేయాలి? కరవులో కూడా దొరల సరుకుకు చెయ్యి తగలలేదు. ఈ లెక్క తెలిసినవాళ్లే, విశ్వాసం కోసం చంపబడినవాళ్లే, బలిపీఠం కింద నుంచి "ఎందాకా?" అని అరుస్తున్నారు (6:10).

దారిన పోయే అన్నగారూ, ఆ నెత్తురు నాకూ భయమే, కాదనను. కానీ ఆ పట్టీ అడుగున ఉన్నవాళ్ల పక్కన నిలబడి చదివితే అది కక్షలా కాదు, కేసు ఇన్నాళ్లకు విచారణకు వచ్చినట్టు ఉంటుంది. తెలుగులో "తీర్పు" అన్నది "తీరు" నుంచే వచ్చింది. అప్పు తీరుతుంది, ఆకలి తీరుతుంది, తగవు తీరుతుంది. 96వ కీర్తనలో దేవుడు భూమికి తీర్పు తీర్చడానికి వస్తున్నాడంటే అడవి చెట్లు ఆనందిస్తాయి. నరకం భయంతో వణికే చెట్టు నాకెక్కడా కనబడలేదు.

పాత బైబిలు
చెల్లెమ్మా, బాగా చెప్పారు. కానీ మొత్తం రోము మీదికి తోసేస్తే మనం తప్పించుకుంటాం. 20:12లో ఘనులేమి అల్పులేమి అందరూ నిలబడ్డారు, తమ క్రియల చొప్పున. 21:8లో గుండంలో పాలుపొందేవాళ్ల జాబితా తీయండి. మొదటి పేరు నరహంతకులది కాదు, పిరికివాళ్లది. ఆ మాట దగ్గర నేను ప్రతిసారీ ఆగిపోతాను.

దారిన పోయేవాడు
పట్టీ సంగతి నేను గమనించలేదు. 18వ అధ్యాయం మళ్లీ చదువుతాను. నూరు కోసుల నెత్తురు మాత్రం ఇంకా మింగుడుపడలేదు.

గోదారి గట్టు
అందరికీ కృతజ్ఞతలు. నిన్న పాపను కూర్చోబెట్టుకుని, తాతయ్య గురించి తీర్పు చెప్పేది కూటాల్లో మైకు పట్టుకున్నవాళ్లు కాదని చెప్పాను. చివరి రెండు అధ్యాయాలు చదివి వినిపించాను. కొత్త పట్టణం గుమ్మాలు పగటివేళ మూయరు, అక్కడ రాత్రి అసలు ఉండదు అని ఉంది కదా (21:25). "గుమ్మాలు మూయకపోతే కుక్కలు లోపలికి రావా?" అంది. 22:15 తీసి, కుక్కలు వెలుపలే ఉంటాయట అని చూపించాను. కాసేపు ఆలోచించి, "పాపం కుక్కలు" అంది.

పాత బైబిలు
అక్కడ కుక్కలంటే నిజం కుక్కలు కావమ్మా, అది అలంకారం. పాపకు అలా చెప్పండి.

లెక్కల మాస్టారు
అన్నా! అలంకారం అన్నారా?