‘మనసు మనసులో లేదు’: ఇక్కడ మెదడు పెట్టి చదవగలమా?

మనసును మెదడుతో పూర్తిగా వివరించవచ్చా అన్న చర్చ మీద ఒక వ్యాసం తెలుగు చేస్తున్నాను. ‘మైండ్’ అన్న ప్రతిచోటా ‘మనసు’ అని రాసుకుంటూ పోయి, ఫినియస్ గేజ్ దగ్గర ఆగిపోయాను. 1848లో అమెరికాలోని వెర్మాంట్‌లో, రైలు దారి కోసం బండలో మందు కూరుతుంటే అది పేలి, చేతిలోని ఇనుప కడ్డీ ఎడమ చెంపలోంచి దూరి నడినెత్తిన బయటికి వచ్చింది. మనిషి బతికాడు, మాట్లాడాడు. తెలిసినవాళ్లు మాత్రం ‘ఇతను ఇక గేజ్ కాడు’ అన్నారు. ‘మెదడు దెబ్బతిని మనసు మారింది’ అని రాస్తే పెళ్లి సంబంధం వద్దనుకున్నట్టుంది! ఏం రాయమంటారు?

జవాబు: ‘మనిషే మారిపోయాడు’ అనండి, చాలు. మన మనసుకు ఇష్టాయిష్టాల పనే ఎక్కువ: మనసు పడటం, మనసొప్పకపోవడం, మనసు విరగడం. లెక్క తప్పితే తిట్లు తినేది బుర్ర. ‘నా మనసు మనసులో లేదు’ అంటాం కదా, అందులో తప్పిపోయిందీ మనసే, అది ఉండవలసిన చోటూ మనసే. రెండు చోట్లా మెదడు పెట్టి పైకి చదవండి, ఇంట్లోవాళ్లు కంగారు పడతారు.

అసలు చిక్కు ఇది కాదు. సాంఖ్యమనే మన పాత దర్శనంలో మనసు కూడా ప్రకృతి నుంచి, అంటే మూల పదార్థం నుంచి పుట్టిందే, జడమే, చైతన్యం పురుషుడిది, అంటే ఆత్మది. ‘మనసు జడమేనా?’ అంటే సాంఖ్యుడు ‘అవును, అయితే ఏమిటి?’ అంటాడు. మీ వ్యాసం తేల్చవలసింది ఆ పై మెట్టు: నాడుల్లో జరిగేదంతా చెప్పేశాక కూడా, నొప్పి నొప్పిగా తెలియడం దేనికి? ఆ తెలియడానికి ‘ఎరుక’ వాడండి.

ఎరుక అంటే సోది చెప్పే ఎరుకలసాని గుర్తొస్తుందండీ. ‘స్పృహ’ అంటే?

జవాబు: సంస్కృతంలో స్పృహ అంటే కోరిక. ‘నిస్పృహ’లో ఆ వాసన ఇంకా ఉంది. తెలుగులో అది ఆసుపత్రి మాట అయిపోయింది. ‘తెలివి’ కూడా అంతే. మా నాన్నగారికి ఆపరేషను అయ్యాక నర్సు చెంప తట్టి ‘తెలివి వచ్చిందా తాతగారూ?’ అని అడిగింది. ఆయన కళ్లు తెరవకుండానే ‘ఎప్పుడు పోయిందమ్మా?’ అన్నారు.